కాలికి కట్టిన బస్తా ముడి

నాకు జాగ్రత్త చెప్పని మనిషి పూండిలో లేడు. కూరగాయల కొట్టు దగ్గర చెబుతారు, స్టేషన్ రోడ్డులో చెబుతారు, పెళ్లి భోజనాల్లో ఆకు ముందు కూర్చుని చెబుతారు. "జాగ్రత్తమ్మా" అంటారు, వెళ్లిపోతారు. దేని నుంచి జాగ్రత్త, ఎలా జాగ్రత్త అని తిరిగి అడిగితే నోరున్న మనిషి అంటారు. ఉంది. నడుం కింద సగం మాట విననప్పుడు నోరైనా పనిచేయాలి కదా.

ఈమధ్య టెక్కలి రోడ్డులో, పలాస బజారులో పక్క చక్రాల స్కూటర్లు కనబడుతున్నాయి. వాటి మీద కూర్చున్నవాళ్లను చూస్తే ముందు వాళ్ల పాదాల వైపే పోతుంది నా చూపు. వాళ్ల కోసం కొంత, నా చేతుల కోసం కొంత ఇది రాస్తున్నాను. చేతుల సంగతి చివర్లో చెబుతాను.

1999

నేను పనిచేసే హైస్కూలు రైలు పట్టాలకు అవతల, సముద్రం వైపు ఉంది. ఇల్లు ఇవతల. అప్పట్లో ఆటో దిగాక బడి దాకా ఇసుక బాటలో నడిచేదాన్ని. జీడితోటల మధ్య బాట, మాఘం దాటితే అరికాళ్లు అంటుకుంటాయి.

ఒక సాయంత్రం ఇంటికి వస్తే అరుగు మీద కూర్చున్న మా అత్త నన్ను కింద నుంచి పైకి చూసింది.

"ఒలే కోడలా, ఒంటి సెప్పుతో వత్తన్నావేటి. రెండోది ఎక్కడ ఒగ్గీసినావు?"

కిందికి చూసుకున్నాను. ఎడం కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. కూర్చుని కాలు తిప్పి చూస్తే అరికాలంతా బొబ్బలు. వేలితో నొక్కాను. ఏమీ లేదు. కాలిన చోట నొప్పి లేకపోతే సంతోషించాలి గదా, నాకు మాత్రం సంతోషం రాలేదు. జడలోంచి పిన్ను తీసి పొడుచుకుంటూ పైకి వచ్చాను. చీలమండ పైన ఒకచోట చురుక్కుమంది. అక్కడి నుంచి కింద ఉన్నది నాది కాదు.

మా ఆయన జీడిపిక్కల వ్యాపారం చేస్తారు. రోజంతా బస్తాల మధ్య ఉండే మనిషి, ఏ మాటకైనా బస్తా లెక్కనే బదులిస్తారు. "నీరసం. టానిక్కు తాగు, బలం నిండితే అదే సర్దుకుంతాది" అన్నారు. టానిక్కు తాగాను. దసరా వచ్చేసరికి పిన్ను చురుక్కుమనే చోటు చీలమండ నుంచి పైకి జరిగి మోకాలి దగ్గరకు చేరింది. నేలను చూస్తూ నడిస్తేనే నడవగలను. కళ్లు మూస్తే పడిపోతాను.

2000

విశాఖలో ఒక నరాల డాక్టరు దగ్గరకు రైల్లో తిరిగిన ఏడాది అది. ఆ ఏడాదిలో నాకు గుర్తున్నది డాక్టరు గది కాదు, బయట బల్ల. అక్కడ వేరే డాక్టర్ల కోసం వచ్చినవాళ్లూ కూర్చుంటారు.

కవిటి వైపు నుంచి వచ్చిన ఒకామె నా పక్కన కూర్చుని ఏ ఊరు అని అడిగింది. పూండి అన్నాను.

"ఐతే కిడ్నీయే గావాల" అంది, వేరే రోగం మా వైపు వాళ్లకు రాదన్నట్టు.

"కాదు, నరాలు" అన్నాను.

"అదృష్టవంతురాలివమ్మా" అంది.

నడవలేని మనిషిని పట్టుకుని అదృష్టం అంటుందేమిటని గట్టిగానే అడగబోయాను. ఆమె మొహం ఉబ్బి, మెరుస్తూ ఉంది. కళ్ల కింద తోలు సంచుల్లా దిగింది. ఆమె వంగి, తన తువ్వాలు మడిచి నా మడమ కింద పెట్టింది. "సిమెంటు మీద ఆనించీసి కూసుంతే పుండు పడతాది, నీకు తెలీదు గదా" అంది. నాకు తెలియదనే సంగతి ఆమెకు ఎలా తెలిసిందో అడగలేదు.

తర్వాతిసారి వెళ్లినప్పుడు తువ్వాలు ఉతికి తీసుకువెళ్లాను. బల్ల మీద ఆమె చేతిసంచి కనిపించింది. దాన్ని పట్టుకుని కూర్చున్నది ఆమె భర్త. మిగిలిన మందులు తిరిగి తీసుకుంటారేమో కనుక్కోవడానికి వచ్చాడట. ఆ తువ్వాలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

వెన్నుపూసలో క్షయ అని తేల్చారు. అది లోపలి నరాన్ని నొక్కుతోందట. వెన్ను మీద కోత, మంచం, మందులు. ఆ నెలల గురించి రాయను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "ఇది ఆగింది. పోయిన స్పర్శ వస్తే వస్తుంది, లేకపోతే లేదు. పైకి ఎక్కుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి" అన్నారు.

మిగతా మాటలన్నీ మరిచిపోయాను. పైకి ఎక్కడం అనే మాట ఒక్కటి ఇంట్లో నా వెనకే తిరగడం మొదలుపెట్టింది. పొద్దున్నే కళ్లు తెరిచాక మొదటి పని, రెండు చేతుల వేళ్లూ ఒక్కొక్కటే బొటనవేలికి తాకించి చూసుకోవడం.

2001

సెలవులన్నీ అయిపోయాయి. హెడ్మాస్టరు ఇంటికి వచ్చి కాఫీ తాగి, గొంతు సవరించుకుని చెప్పారు: రోజూ రాగలిగితే సరే, లేకపోతే ఆరోగ్య కారణాల మీద ఉద్యోగం వదులుకోవడమే దారి. మా ఆయన దించుతానన్నారు గానీ పిక్కల సీజన్లో ఆయన ఎప్పుడు ఎక్కడ ఉంటారో ఆయనకే తెలియదు. మరొకరు ఖాళీగా ఉన్నప్పుడే కదిలే బతుకు ఎలా ఉంటుందో మంచం మీద ఏడాది చూశాను. ఇక చాలు.

పలాసలో సింహాచలం అనే మెకానిక్కు గేర్లు లేని స్కూటరుకు వెనక రెండు పక్క చక్రాలు బిగించి ఇచ్చాడు. చంక కర్రలు పెట్టుకోవడానికి ఒక కొక్కెం వేశాడు.

"బ్యాలెన్సు మరిసిపోండమ్మా. ఎడల్పు మాత్రం మరవకండి" అన్నాడు.

మా అత్త వాకిట్లో నిలబడి చూసింది. "మా ఇంటి కోడలు అవిటి బండెక్కి ఊరేగుతాదేటి?"

"ఊరేగింపుకు బాజాలు నువ్వు పెట్టించు అత్తా" అన్నాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఆ రెండు వారాలూ బాగానే ఉంది.

ఆ బండి గురించి నాకు ఎవరూ చెప్పనివి, నేను ఒళ్లు పెట్టి నేర్చుకున్నవి ఇక్కడే రాస్తాను. మామూలు స్కూటరు మలుపులో ఒరుగుతుంది. ఇది ఒరగదు. వేగంగా తిప్పితే లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది, మనల్ని బయటికి విసురుతుంది. తారు అంచు దిగితే ఒక పక్క చక్రం ఇసుకలో కూరుకుని బండి చుట్టూ తిరుగుతుంది. మా వైపు ఉలవలు, వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు, గింజలు ఎత్తుకుపోయి రాళ్లు వదిలేస్తారు. ముందు చక్రాన్ని రాయి పక్కనుంచి తప్పించి గెలిచామనుకుంటాం, వెనక చక్రం దాని మీదకే ఎక్కుతుంది. సైలెన్సరు వైపు పాదం చేరితే చర్మం కమురు వాసన వచ్చాకే తెలుస్తుంది. ఆ వాసన ఎవరి వంటింట్లోదో అనుకున్నాను ఒకసారి.

అన్నిటికన్నా పెద్ద సంగతి, దీనికి వెనక్కి వెళ్లడం రాదు. స్కూటరు మీద కూర్చున్నవాళ్లు కాళ్లతో నేలను తన్ని వెనక్కి జరుపుకుంటారు. నా కాళ్లు నేలను తన్నవు. అంటే నేను వెళ్లిన చోటికి వెళ్లినట్టే, ఎవరో వచ్చి లాగేదాకా. ఈ సంగతి తెలిసినా దాని బరువు మూడేళ్ల దాకా నాకు అర్థం కాలేదు.

2003

భావనపాడు నుంచి చేపలు తెచ్చి మా వైపు అమ్మే నూకమ్మ, ఒక పొద్దున నా బండికి ఎదురొచ్చి తట్ట దించకుండానే కేకేసింది.

"టీచరమ్మా, ఆపు. కాలు ఈడ్సుకుపోతంది, సూడు."

ఆపి వెనక్కి తిరిగాను. తారు మీద సన్నని ఎర్రటి గీత, మలుపు అవతల నుంచి నా దాకా వచ్చి ఉంది. ఎడం పాదం ఎప్పుడు జారిందో, బొటనవేలు ఎప్పటి నుంచి రోడ్డుకు రాసుకుంటోందో. నూకమ్మ తట్ట దించి, దాని కింది నెత్తి చుట్ట విప్పి వేలికి కట్టింది. ఆమె కడుతున్నంతసేపూ నేను ఆ గీతనే చూశాను. అప్పటికే దాని మీద ఈగలు వాలుతున్నాయి.

ఆ రోజే మా ఆయన గోదాంలోంచి పురికొస తెచ్చారు.

"రెండు కాళ్లూ బండికి కట్టీస్తాను. మరింక జారవు" అన్నారు.

కట్టారు కూడా. జీడిపిక్కల బస్తా మూతికి వేసే ముడి అది. బస్తా ఎత్తి లారీలోకి విసిరినా ఊడదు, లాగినకొద్దీ బిగుస్తుంది. దాన్ని చేత్తో విప్పలేరు. గోతాలు కుట్టే దబ్బనం, అదే ఆ పెద్ద సూది, ముడిలో దూర్చి వదులు చేయాలి. గోదాంలో ముప్పై ఏళ్లుగా అలాగే చేస్తున్నారు. బడిలో ఆయాకు కూడా ఆ ముడి నేర్పించి, ఒక దబ్బనం ఇచ్చి వచ్చారు. ఆమె దాన్ని వరండా మేకుకు వేలాడదీసింది.

పొద్దున ఇంటి దగ్గర ఆయన కట్టేవారు, బడిలో ఆయా విప్పేది. సాయంత్రం ఆమె కట్టేది, ఇంటి దగ్గర ఆయన విప్పేవారు. ఇంట్లో ఒక దబ్బనం, బడిలో ఒక దబ్బనం. దారిలో లేదు. ఇంత చదువుకున్నదాన్ని నేను, బస్తాల మధ్య పుట్టి పెరిగిన ఆయన, మా ఇద్దరిలో ఒక్కరికీ ఆ దారి గుర్తు రాలేదు. కాలు జారకూడదు అన్నది ఒక్కటే చూశాం. బస్తాకు దిగాల్సిన పని ఉండదు.

2004

పూండి గేటు పడితే ఏం జరుగుతుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం రాస్తున్నాను. రైలు కోసం గేటు వేయగానే ఒకరి వెనక ఒకరు ఆగరు. ఎడమ సగం నిండాక కుడి సగంలోకి కూడా వచ్చి గేటు కర్రకు ముక్కు ఆనిస్తారు. అవతల కూడా అంతే. ఇక్కడొక గోడ, అక్కడొక గోడ. గేటు లేవగానే రెండు గోడలూ ఒకేసారి కదిలి, సరిగ్గా పట్టాల మీద గుద్దుకుని నిలబడతాయి. రోజూ జరుగుతుంది. రోజూ తిట్టుకుంటారు. మర్నాడు మళ్లీ అలాగే నిలబడతారు.

నేనూ ముందే ఉండేదాన్ని. నా ముందు ఎవరైనా బండి దూర్చితే ఊరుకునేదాన్ని కాదు. అవిటిదని దారి ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు, అవిటిదని తొక్కేసి పోవడం అసలు ఇష్టం ఉండదు.

ఆ సాయంత్రం మబ్బు పట్టి ఉంది. గూడ్సు పోయింది, గేటు లేచింది, అందరికన్నా ముందు కదిలాను. మొదటి పట్టాలు దాటాను. రెండో పట్టాల మీదకు వచ్చేసరికి ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు. ఎడం పక్క ఆటో, కుడి పక్క సైకిళ్లు, వెనక మోటారు సైకిళ్లు. ట్రాక్టరును తప్పించబోయి కొంచెం పక్కకు తిప్పాను. ఎడం చక్రం పట్టా పక్కనున్న సందులోకి దిగింది.

"ఎనక్కి తియ్యండమ్మా" అన్నాడు ట్రాక్టరు అతను.

"నువ్వు తియ్యి. ఎడం పక్క నాది. నువ్వు నా సగంలో ఉన్నావు" అన్నాను.

"ఇంత బండి నానెలా తీత్తాను? నీది సిన్నది గదా."

"చిన్నదైతే దారి నీదైపోతుందా?"

న్యాయం నా వైపే ఉంది. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. పట్టాల మధ్యలో కూర్చుని, రెండు కాళ్లూ బండికి కట్టేసి ఉండి, ఆ మనిషితో ఎవరి సగం ఎవరిదో వాదిస్తున్నాను. ఇంజను ఆపేశాను, నా మాట సరిగ్గా వినబడాలని.

అప్పుడు హ్యాండిలు వణికింది.

ఆపిన బండి హ్యాండిలు. పలాస వైపు నుంచి కూత వినబడింది. గేటు అప్పన్న ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తుకు వస్తూ, "రెండో బండి వత్తంది, తీయండి, తీయండి" అని అరుస్తున్నాడు. ఇందాకటి నుంచి అంగుళం కదలలేమన్న వాళ్లంతా కదిలారు. మోటారు సైకిళ్లు వెనక్కి పోయాయి. ఆటో పోయింది. వెనక్కి రాదన్న ట్రాక్టరు కాయలు రాల్చుకుంటూ వెనక్కి పోయింది. నా ముందు దారి అంతా ఖాళీ. ఇంజను స్టార్టు చేసి తిప్పాను. సందులోని చక్రం గిర్రున తిరిగింది గానీ బండి కదల్లేదు.

ఇద్దరు మగవాళ్లు వచ్చి నా చంకల కింద చేతులు వేసి లాగారు. మంచివాళ్లు. నా ఒళ్లు లేచింది, కాళ్లు లేవలేదు. బండి నాతోపాటే ఒరిగింది. ఇంకా గట్టిగా లాగారు. "కట్టేసి ఉన్నాయి, కాళ్లు కట్టేసి ఉన్నాయి" అంటున్నాను, కూతలో ఎవరికీ వినబడలేదు.

"ఒగ్గీండ్రా మనిషిని. సంపెత్తారేటి" అన్న గొంతు గుర్తుపట్టాను. నూకమ్మ. తట్టలోంచి చేపల కత్తి తీసి కుడి కాలి పురికొస కోసింది. ఎడం కాలిది కండలోకి దిగిపోయి కత్తికి అందలేదు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. "ఓలమ్మల్లారా, ఇటు రండే" అని పిలిచింది. చేపల తట్టల ఆడవాళ్లు నలుగురైదుగురు, వెనక చక్రాల కింద చేతులు వేసి, తీరంలో పడవను జరిపినట్టు నన్నూ బండినీ కలిపి ఎత్తి అవతల పెట్టారు.

గేటు పడ్డాకే రైలు వచ్చింది. అది పోయాక అప్పన్న నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"బయపడిపోనారు గావాల టీచరమ్మా. బండి దూరాన సిగ్నలు కాడే నిలబడిపోనాది. గేటు పడకపోతే అది కదల్దు."

"ఆగి ఉంటే నా హ్యాండిలు ఎందుకు వణికింది?"

అతను, "అంత దూరాన్నుంచి వణకదమ్మా" అన్నాడు.

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. అప్పుడు వణకడం లేదు.

ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. నొప్పి లేదు గనక దెబ్బ లేదనుకున్నాను. నాలాంటివాళ్లందరం చేసే పొరపాటు అది. మా ఆయన దబ్బనంతో ఎడం కాలి పురికొస తీశారు. మా అత్త మేజోడు లాగబోయి ఆగిపోయింది.

"ఒలే, నీ మడమ ఇటేపు తిరిగున్నాదేటే?"

టెక్కలిలో ఎముకల డాక్టరు చీలమండ విరిగిందన్నారు. కొస బిగిసిన చోట కండ నల్లబడింది. కింద రక్తం ఆడుతోందో లేదో కొన్నాళ్లు చూడాలి, ఆడకపోతే మోకాలి కింద నుంచి తీసేయాలి అన్నారు. తీసేస్తే బండీ లేదు, బడీ లేదు. నాకేమో, నాకు తెలియని కాలు పోతే ఏడవాలో మానాలో కూడా తేలలేదు.

వరండాలో బల్ల మీద మా ఆయన నా పక్కన కూర్చున్నారు. జేబులోంచి ఆ కొస ముక్క తీశారు. ఎందుకు దాచుకున్నారో.

"నానే కట్టినాను" అన్నారు.

నా నోట్లో అప్పటికే నాలుగు మాటలు తయారుగా ఉన్నాయి. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మనిషి ఎప్పుడూ అంత చిన్నగా కనబడలేదు.

"ముడి బాగానే కట్టావు. సరుకే మారింది" అన్నాను.

నవ్వబోయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. చాలాసేపు తీయలేదు.

రోజూ పొద్దున డాక్టరు పాదం వేళ్లు నొక్కి వదిలేవారు. తెల్లగానే ఉండేవి. మేమిద్దరం ఆయన మొహం చూసేవాళ్లం, ఆయన కిటికీలోంచి బయటికి చూసేవారు. ఒకరోజు నొక్కి వదిలాక కొంచెం ఎరుపు తిరిగి వచ్చింది. "ఉంచుదాం" అన్నారు. కాలు ఉంది. వంకరగా ఉంది, నల్లటి కడియంలా మచ్చ ఉంది, గానీ ఉంది.

ఇప్పుడు

బండి అమ్మేద్దామన్నారు మా ఆయన. నేను ఏమీ అనకముందే మా అత్త అందుకుంది.

"అమ్మీసి? దీన్ని ఇంట్లో కూసోబెట్టి దీని నోరు నువ్వు పడతావేటి?"

ఆమే పాత స్కూలు సంచిలోంచి చర్రుమని ఊడే పట్టీ కోసి, వెడల్పు గుడ్డ మీద కుట్టింది. ఒక్క చేత్తో లాగితే ఊడుతుంది. రోజూ వాకిట్లో నాకు పరీక్ష పెడుతుంది. "కళ్లు మూసుకొని లాగు. ఇప్పుడు ఎడం సేత్తో లాగు." నేను లాగేదాకా ఇంట్లోకి వెళ్లదు. కాళ్లు తెలియనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, చూడకుండా, ఒంటిచేత్తో, మీకు మీరే విప్పుకోలేని కట్టు ఎవరు ఎంత ప్రేమగా కట్టినా కట్టించుకోకండి. ఇంటికి రాగానే పాదాలను అద్దంలో చూసుకోండి. నొప్పి లేదన్నది దెబ్బ లేదన్న కబురు కాదు.

గేటు దగ్గర నేను ఇప్పుడు అందరికన్నా వెనక ఆగుతాను. గేటు లేస్తుంది, రెండు గోడలు గుద్దుకుంటాయి, తిట్టుకుంటాయి, విడిపోతాయి. ఆఖరి సైకిలు కూడా దాటి, పట్టాలు ఖాళీగా కనబడ్డాకే కదులుతాను. "టీచరమ్మా, మీకేటి పనీ పాటా నేదా, సీకటి పడిపోద్ది" అని నూకమ్మ దాటిపోతూ ఎగతాళి చేస్తుంది. నా సగంలో నుంచే పోతారు అందరూ. పోనిస్తాను.

అలా ఆగినప్పుడు ఇంజను ఆపేసి రెండు చేతులూ హ్యాండిలు మీద పెడతాను. రైలు వస్తుంది, హ్యాండిలు వణుకుతుంది, రైలు పోతుంది. డాక్టరు అన్న పైకి ఎక్కడం ఇదేనేమోనని చేతులు తీసి గాల్లో పట్టుకుని చూసుకుంటాను, రైలుతోపాటు వణుకు కూడా పోయిందా అని. ఇప్పటిదాకా పోతూనే ఉంది. ఈ మధ్య పోవడానికి కొంచెం ఎక్కువసేపు పడుతోంది.